స్విచ్ ఫ్యూజ్ యూనిట్లు: లోపలి నిర్మాణం, యాక్సెసరీలు – తరచుగా అడిగే ప్రశ్నలు

రైస్‌మిల్లు ప్యానెల్ కావచ్చు, కోల్డ్ స్టోరేజీ కంప్రెసరు కావచ్చు, రొయ్యల చెరువు గట్టు మీద ఏరేటర్ల బోర్డు కావచ్చు. తలుపు మీద తిప్పే హ్యాండిల్, లోపల మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు ఉన్న డబ్బా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అదే స్విచ్ ఫ్యూజ్ యూనిట్. దాన్ని కొనేవాళ్లు, బిగించేవాళ్లు, ఫ్యూజులు మార్చేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడ చెప్పేదంతా 415 వోల్టుల త్రీఫేజ్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) సప్లైకి సంబంధించింది. ఆన్‌లో ఉన్న ప్యానెల్‌లో చెయ్యి పెట్టే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే.

ఎస్‌ఎఫ్‌యూ (స్విచ్ ఫ్యూజ్ యూనిట్), ఎఫ్‌ఎస్‌యూ (ఫ్యూజ్ స్విచ్ యూనిట్), ఎస్‌డీఎఫ్ (స్విచ్ డిస్‌కనెక్టర్ ఫ్యూజ్) అంటారు. మూడూ ఒకటేనా?

షాపులో మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తారు. డిజైన్‌లో మాత్రం తేడా ఉంది. ఎస్‌ఎఫ్‌యూలో స్విచ్చు వేరు, దాని తర్వాత వరుసలో కదలకుండా కూర్చునే ఫ్యూజు వేరు. ఎఫ్‌ఎస్‌యూలో ఫ్యూజే కదులుతుంది. హ్యాండిల్ లాగితే ఫ్యూజులు మోసే భాగం మొత్తం కాంటాక్టుల నుంచి బయటికొస్తుంది. ఎస్‌డీఎఫ్ అంటే లోడు మీద ఆపగలగడంతోపాటు, ఆపాక అవతలి వైపు మనిషి నమ్మకంగా పని చేసుకునేంత ఎడం కూడా ఇచ్చే యూనిట్. అంటే అది స్విచ్చు, ఐసొలేటర్, ఫ్యూజు మూడూను.

నేమ్‌ప్లేట్ మీది గుర్తు చూస్తే తెలిసిపోతుంది. స్విచ్చు బొమ్మలో కాంటాక్టు దగ్గర చిన్న సున్నా ఉంటే లోడ్ స్విచ్. చిన్న అడ్డగీత ఉంటే ఐసొలేటర్. రెండూ ఉంటే రెండు పనులూ చేస్తుంది. చిన్న దీర్ఘచతురస్రం ఫ్యూజు. వర్తించే ప్రమాణం ఐఎస్/ఐఈసీ 60947, 3వ భాగం. ఫ్యూజులకు ఐఎస్ 13703. ఈ నంబర్లు ప్లేటు మీద లేని డబ్బా ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి.

ఎంసీసీబీ (అచ్చు డబ్బాలో వచ్చే సర్క్యూట్ బ్రేకరు) ఉండగా ఫ్యూజులెందుకు? పాతకాలం పద్ధతి కాదా?

పాతదే, కానీ ఒక విషయంలో ఫ్యూజును మించింది లేదు. పెద్ద షార్ట్ సర్క్యూట్ వస్తే మంచి హెచ్‌ఆర్‌సీ (భారీ షార్ట్ కరెంటును తెంపగల) ఫ్యూజు 5 మిల్లీసెకన్లలోపే, కరెంటు తన తొలి శిఖరానికి చేరకముందే తెంపేస్తుంది. కేబులు, బస్‌బారు (కరెంటు పంచే లోహపు పట్టీ), కాంటాక్టరు (మోటారును ఆన్-ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్చు) పూర్తి దెబ్బ తినవు. 80 కిలోఆంపియర్లు తట్టుకునే ఫ్యూజు మామూలు ధరకే దొరుకుతుంది. అంత సామర్థ్యమున్న ఎంసీసీబీ ధర అడిగి చూడండి.

లెక్క ఇలా ఉంటుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు 433 వోల్టుల వైపు పూర్తి లోడు కరెంటు 133 ఆంపియర్లు. ఇంపీడెన్సు 4.5 శాతమైతే దాని టెర్మినళ్ల దగ్గర షార్ట్ కరెంటు దాదాపు 3 కిలోఆంపియర్లు. అదే 500 కేవీఏ అయితే 667 ఆంపియర్లు, షార్ట్ వస్తే దాదాపు 15 కిలోఆంపియర్లు. తీగ చుట్టే కిట్‌క్యాట్ ఫ్యూజు తెంపగలిగేది నాలుగు కిలోఆంపియర్ల దాకానే. మిల్లు ప్యానెల్‌లో కిట్‌క్యాట్ పేలి మొహం కాలిందంటే కారణం ఇదే. అక్కడ అది ఉండాల్సిన వస్తువే కాదు.

ఫ్యూజుకున్న లోటు కూడా చెప్పాలి. ఒకటి పోతే మిగతా రెండు ఫేజులు నడుస్తూనే ఉంటాయి. దాని సంగతి కింద వస్తుంది.

డబ్బా లోపల ఏమేం ఉంటాయి?

వేడికి, మంటకు తట్టుకునే డీఎంసీ లేదా ఎస్‌ఎంసీ (గాజు పోగులు కలిపిన ప్లాస్టిక్ రకాలు) అచ్చు శరీరం. వెండి పూత పూసిన రాగి కాంటాక్టులు. ఆర్కును ముక్కలు చేసి చల్లార్చే ఇనుప రేకుల గూళ్లు. స్ప్రింగు మెకానిజం. ఫ్యూజు క్లిప్పులు, పారదర్శకమైన మూత.

అసలు చూడాల్సింది కాంటాక్టులు ఎక్కడ తెగుతున్నాయన్నది. మంచి ఎస్‌డీఎఫ్‌లో ప్రతి ఫేజుకూ ఫ్యూజుకు పైనా కిందా, రెండు చోట్లా తెగుతుంది. ఆఫ్ చేశాక ఫ్యూజు రెండు కొసల్లోనూ కరెంటుండదు. ఒక్క వైపే తెగే మోడల్‌లో, లోడు వైపు నుంచి వెనక్కి సప్లై వస్తే ఫ్యూజు ఆఫ్‌లో కూడా షాకు కొడుతుంది. వెనక్కి ఎక్కడి నుంచి వస్తుందంటారా? జనరేటరు, సోలార్ ఇన్వర్టరు, ఇంకా డిశ్చార్జి కాని కెపాసిటరు. కొనే ముందు కేటలాగులో సర్క్యూట్ బొమ్మ చూడండి. ఫ్యూజుకు రెండు వైపులా కాంటాక్టు గీసి ఉంటే సరే.

రెండు చోట్ల తెగడం వల్ల ఇంకో లాభం, ఆర్కు రెండుగా చీలుతుంది. ఒక్కోదానికి సగం వోల్టేజీనే, త్వరగా ఆరుతుంది.

హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే స్పార్కు ఎక్కువ వస్తుందా?

పాత ఐరన్‌క్లాడ్ మెయిన్ స్విచ్చుల్లో వచ్చేది. ఇప్పటి యూనిట్లలో మీరు తిప్పేది స్ప్రింగును మాత్రమే. ఒక కోణం దాటగానే స్ప్రింగు తన బలంతో కాంటాక్టులను కొట్టి కలుపుతుంది, లేదా విడదీస్తుంది. మీ చేతి వేగంతో దానికి పని లేదు. ఆ 'ఠక్' చప్పుడు స్ప్రింగుది. చప్పుడు మెత్తబడినా, హ్యాండిల్ మధ్యలో ఆగిపోతున్నా మెకానిజం పోయినట్టే. నూనె పోసి నెట్టుకురావద్దు, మార్చండి.

నేమ్‌ప్లేట్ మీద ఏసీ-22ఏ, ఏసీ-23ఏ అని ఉంటుంది. ఏది తీసుకోవాలి?

మోటారు ఉంటే ఏసీ-23ఏ. దీన్ని నేమ్‌ప్లేట్ కరెంటుకు 10 రెట్లు కలపగలదా, 8 రెట్లు తెంపగలదా అని పరీక్షిస్తారు. బిగుసుకుపోయిన మోటారును ఆపాల్సి వస్తే పడే భారం దాదాపు అంతే. ఏసీ-22 మిశ్రమ లోడుకు, పరీక్ష 3 రెట్లకు. ఏసీ-21 హీటర్ల లాంటి లోడుకు, ఒకటిన్నర రెట్లు. ఏసీ-20 అంటే లోడు లేనప్పుడే తిప్పాలి. చివర 'ఏ' ఉంటే తరచుగా తిప్పేందుకు, 'బీ' ఉంటే అరుదుగా.

ఇక్కడే కొనుగోలులో మోసపోతారు. ఒకే యూనిట్ మీద ఏసీ-21లో 125, ఏసీ-23లో 100 అని రెండు అంకెలు ఉండొచ్చు. పెద్ద అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది. మీరు చదవాల్సింది చిన్నది.

డిన్ (జర్మన్ ప్రమాణం) ఫ్యూజు, బీఎస్ (బ్రిటిష్ ప్రమాణం) ఫ్యూజు: ఏది మంచిది?

రెండూ మంచివే. ఒకదాని బేసులో మరొకటి కూర్చోదు, అంతే. డిన్ రకం కత్తి అంచుల్లాంటి కొసలతో క్లిప్పులో దూరుతుంది. బీఎస్ రకానికి రంధ్రాలున్న చెవులుంటాయి, బోల్టుతో బిగించాలి.

డిన్ సైజులు గుర్తుంచుకోవడం తేలిక: 000 సైజు 100 ఆంపియర్ల వరకు, 00 సైజు 160, 1 సైజు 250, 2 సైజు 400, 3 సైజు 630. బీఎస్‌లో కేటలాగు పేరుతోపాటు రంధ్రాల మధ్య దూరం కొలవండి. ఏ2, ఏ3 రకాలకు 73 మి.మీ., ఏ4కు 94, బీ రకాలకు 111. స్కేలు జేబులో పెట్టుకుని పాత ఫ్యూజు కొలిచి షాపుకెళ్తే రెండోసారి తిరగక్కర్లేదు.

మెయింటెనెన్సు పరంగా డిన్ వైపే మా మొగ్గు. బోల్టు మీద ఆధారపడదు కాబట్టి రాత్రి రెండింటికి నిద్రమత్తులో సగం బిగించి వదిలేసే ప్రమాదం లేదు. అతిగా వణికే క్రషర్ల దగ్గర మాత్రం బోల్టు రకానికే ఓటు.

ఫ్యూజు లోపల ఇసుకెందుకు?

శుభ్రమైన క్వార్ట్జ్ ఇసుక అది. వెండి లేదా రాగి పట్టీ కరిగి ఆర్కు పుట్టగానే, ఆ వేడికి ఇసుక కరిగి గాజులా గడ్డకట్టి ఆర్కును మింగేస్తుంది. పట్టీ మీద మధ్యలో చిన్న తగరం బొట్టు ఉంటుంది, ఎక్కువసేపు ఉండే ఓవర్‌లోడులో అక్కడే ముందు కరిగేందుకు. కాలిన ఫ్యూజుకు బయటినుంచి తీగ చుట్టి వాడేవాళ్లు ఈ ఏర్పాటు మొత్తాన్ని తీసి పారేసినట్టే. పై తీగకు తెంపే శక్తి లేదు.

125 ఆంపియర్ల స్విచ్చులో ఎంత ఫ్యూజు వెయ్యాలి?

స్విచ్చు అంకె గరిష్ఠ పరిమితి. ఫ్యూజు అంకె నిర్ణయించేది లోడు, కేబులు.

20 హెచ్‌పీ మోటారు తీసుకుందాం. పూర్తి లోడు కరెంటు సుమారు 28 ఆంపియర్లు. డైరెక్ట్ స్టార్టింగ్‌లో ఆరు రెట్లు, అంటే 168 ఆంపియర్లు నాలుగైదు సెకన్లు లాగుతుంది. 32 ఆంపియర్ల ఫ్యూజు ఈ స్టార్టింగ్‌కే పోతుంది. 63 ఆంపియర్ల జీజీ (సాధారణ వాడకపు) ఫ్యూజు తట్టుకుంటుంది. స్టార్-డెల్టా అయితే స్టార్టింగ్ కరెంటు మూడోవంతుకు దిగుతుంది కాబట్టి 50 చాలు. పెద్ద ఫ్లైవీలున్న యంత్రం, నిండుగా ధాన్యం నిండిన ఎలివేటరు లాంటివి స్టార్టవడానికి 15 సెకన్లు తీసుకుంటే ఎంత కరెంటుకు ఎంతసేపట్లో ఫ్యూజు పోతుందో చూపే తయారీదారు కర్వు చూసుకోవాల్సిందే.

జీజీ ఫ్యూజు స్వభావం ఇది: 63 ఆంపియర్లది 1.25 రెట్లు, అంటే 79 ఆంపియర్లు గంటసేపు మోస్తుంది. 1.6 రెట్లు, అంటే 101 ఆంపియర్లు దాటితే గంటలోపు పోతుంది. కాబట్టి ఫ్యూజు ఉన్నది షార్ట్ సర్క్యూట్ కోసం. 28 ఆంపియర్ల మోటారు 40 లాగుతూ మెల్లగా మాడుతుంటే ఫ్యూజుకు తెలియదు. అది ఓవర్‌లోడు రిలే పని. రిలేను మోటారు ప్లేటు మీది కరెంటుకు సెట్ చెయ్యండి.

మోటారు పనికి ఏఎం రకం ఫ్యూజులు కూడా ఉన్నాయి. అవి షార్ట్ సర్క్యూట్‌కు మాత్రమే, ఓవర్‌లోడును అసలు పట్టించుకోవు. రిలే లేనిచోట వాటిని వేస్తే కేబుల్ మాడుతుంది.

మెయిన్‌లో ఒకటి, ఫీడర్‌లో ఒకటి ఉన్నప్పుడు పై ఫ్యూజు కింది దానికి కనీసం 1.6 రెట్లు ఉండాలి. కింద 63 ఉంటే పైన 100. 80 వేస్తే ఒక్క మోటారు తప్పుకు మిల్లంతా చీకటవుతుంది.

ఒక్క ఫ్యూజే పోయింది. దాన్నొక్కదాన్నే మారిస్తే చాలదా?

చాలదు. మూడూ మార్చండి. అదే షార్ట్ మిగతా రెండింటి గుండా కూడా పోయి ఉండొచ్చు. పట్టీ సగం కరిగి నిలబడిన ఫ్యూజు బయటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది, మీటరులో కంటిన్యూటీ చూపిస్తుంది, ఓ వారానికి ఏ కారణమూ లేకుండా ఎగిరిపోతుంది.

అప్పుడు మొదలవుతుంది సింగిల్ ఫేజింగ్. నడుస్తున్న మోటారు ఒక ఫేజు పోయినా ఆగదు. మిగతా రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. మన 28 ఆంపియర్ల మోటారు 48 లాగుతుంది. 63 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కే కాదు. వాసన వచ్చేసరికి వైండింగు నల్లబడి ఉంటుంది. బోరు మోటార్లు కాలిపోవడానికి ఫ్యూజు ఎక్కువ రేటింగుదని తిడతారు కానీ, అసలు లేనిది సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు, అంటే ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే పరికరం.

ఫ్యూజు మార్చే వరుస ఏమిటి?

1. ముందు స్టార్టరు ఆపండి. లోడు పోయాకే ఎస్‌డీఎఫ్ హ్యాండిల్ ఆఫ్ చెయ్యండి. స్విచ్చు లోడును తెంపగలదు, అయినా ఊరికే అరగదీయడమెందుకు.
2. హ్యాండిల్‌కు తాళం వెయ్యండి. తాళంచెవి మీ జేబులో ఉండాలి, టేబులు మీద కాదు. పేరు, సమయం రాసిన ట్యాగు తగిలించండి.
3. మూత తీసి, ఫ్యూజు రెండు కొసల దగ్గరా, మూడు ఫేజుల్లోనూ, ఎర్తుకూ ఫేజుకూ మధ్య, ఫేజుకూ ఫేజుకూ మధ్య వోల్టేజి చూడండి. మల్టీమీటరును ముందు లైవ్ పాయింట్ మీద పరీక్షించి, తర్వాత ఇక్కడ పెట్టి, మళ్లీ లైవ్ మీద పరీక్షించాలి. నియాన్ టెస్టరు వెలగలేదని నమ్మొద్దు.
4. కెపాసిటరు ఉన్న ఫీడరైతే కనీసం ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి.
5. డిన్ ఫ్యూజును ఫ్యూజ్ పుల్లర్‌తో పైనున్న రెండు చెవులు పట్టి నేరుగా లాగండి. పక్కలకు ఊపితే క్లిప్పు వదులవుతుంది. కొన్ని ఫ్యూజుల ఇనుప చెవులకు కొసలతో కనెక్షన్ ఉంటుంది. చెవులు ఇన్సులేట్ చేసిన రకం దొరుకుతుంటే అదే కొనండి.
6. పోయిన కారణం వెతకండి. మోటారు కేబులుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టండి. ఒక మెగాఓమ్‌కు దిగువన ఉంటే సప్లై ఇవ్వకండి.
7. అదే రకం, అదే రేటింగు, అదే తయారీదారు ఫ్యూజులు మూడు పెట్టండి. పూర్తిగా దిగిందో లేదో కత్తి అంచు దగ్గర కంటితో చూడండి.
8. మూత, ష్రౌడ్‌లు (టెర్మినళ్లను కప్పే ఇన్సులేటింగ్ తొడుగులు) తిరిగి పెట్టి, తాళం తీసి, పక్కకు నిలబడి హ్యాండిల్ తిప్పండి. తలుపుకు ఎదురుగా కాదు.

మూడో అడుగు తప్పించేసినందుకే చేతులు పోతున్నాయి. హ్యాండిల్ ఆఫ్ చూపించినంత మాత్రాన కాంటాక్టులు తెగాయని కాదు. ప్రమాణం ప్రకారం కాంటాక్టు అతుక్కుపోతే హ్యాండిల్ ఆఫ్ చూపించకూడదు, తాళం కూడా పడకూడదు. షాఫ్టు జారితే మాత్రం ఆ హామీ గాల్లో కలుస్తుంది.

షాఫ్టు జారడం అంటే? తలుపు హ్యాండిల్ సరిగా పట్టుకోవట్లేదు, ఏం చెయ్యాలి?

తలుపు మీది హ్యాండిల్‌ను, లోపలి స్విచ్చును కలిపేది చదరపు ఉక్కు కడ్డీ. యాక్సెసరీల్లో అతి చిన్నది, అతి ఎక్కువ గొడవలు తెచ్చేది ఇదే. ప్యానెల్ లోతును బట్టి దీన్ని కోసుకోవాలి. 5 మి.మీ. పొట్టిగా కోస్తే హ్యాండిల్ దాని కొసను అంచున మాత్రమే పట్టుకుంటుంది. రోజూ తిప్పగా తిప్పగా అంచులు గుండ్రబడి, ఒకరోజు హ్యాండిల్ ఆఫ్‌కు తిరుగుతుంది, లోపల స్విచ్చు ఆన్‌లోనే ఉంటుంది. ఎక్కువ పొడవైతే తలుపు మూసేటప్పుడు కడ్డీ స్విచ్చు మెకానిజం మీదకు నెట్టుకొస్తుంది, మూత వంగుతుంది.

కోసే పద్ధతి: స్విచ్చును ప్లేటు మీద పూర్తిగా బిగించాకే కొలవాలి, ముందు కాదు. స్విచ్చు షాఫ్టు గుంత అడుగు నుంచి తలుపు లోపలి ముఖం దాకా కొలత తీసి, హ్యాండిల్ లోపలికి దిగాల్సిన కొలత, తయారీదారు కాగితంలో ఉంటుంది, కలపాలి. హాక్సా బ్లేడుతో నిటారుగా కోసి, కొసను ఆకురాయితో కొంచెం ఏటవాలుగా రాయాలి. అప్పుడు తలుపు మూస్తుంటే దానంతటదే గుంతలో దిగుతుంది. తలుపు రంధ్రం, స్విచ్చు కేంద్రం ఒకే రేఖలో లేకపోతే టెలిస్కోపిక్ షాఫ్టు లేదా మధ్యలో ఆధారపు బ్రాకెట్ వాడండి. 300 మి.మీ. దాటిన పొడవుకు ఆధారం లేకుండా వదలొద్దు, ఊగుతుంది.

బిగించాక పది సార్లు తిప్పండి. ప్రతిసారీ తలుపు తీసి లోపలి సూచిక, బయటి సూచిక ఒకే మాట చెబుతున్నాయో చూడండి.

తాళం పెట్టే సౌకర్యం, తలుపు ఇంటర్‌లాక్ తప్పనిసరా?

తీసుకోకపోతే కొంత డబ్బు మిగులుతుంది. వద్దు. ఆఫ్‌లో తాళం పట్టే హ్యాండిల్ ఇప్పుడు దాదాపు అన్ని మోడళ్లకూ వస్తుంది, చాలావాటికి మూడు తాళాలు పడతాయి. ముగ్గురు పని చేస్తే మూడు తాళాలు. ఒక మనిషి పని ముగిసినంత మాత్రాన ఎవరూ ఆన్ చెయ్యలేరు.

తలుపు ఇంటర్‌లాక్, స్విచ్చు ఆన్‌లో ఉండగా తలుపు తెరవనివ్వదు. థర్మల్ కెమెరాతో చూసేవాళ్ల కోసం స్క్రూడ్రైవరుతో దాన్ని తప్పించే చిన్న రంధ్రం ఉంటుంది. అది తెలిసిన మనిషికోసమే. చిట్కాలా అందరికీ నేర్పితే ఇంటర్‌లాక్ ఉన్నా లేనట్టే.

ష్రౌడ్‌లు, ఫేజు బారియర్లు అలంకారమా?

కాదు, ప్యానెల్ బిల్లులో మొదట కొట్టేసేవి ఇవే కాబట్టి అలా అనిపిస్తుంది. స్విచ్చు ఆఫ్‌లో ఉన్నా దాని ఇన్‌కమింగ్ టెర్మినళ్లలో ఎప్పుడూ కరెంటుంటుంది, ఈ సంగతి మరిచిపోతారు. ఫ్యూజు తీసేటప్పుడు జారిన స్పానరు ఆ టెర్మినళ్ల మీద పడకుండా అడ్డుకునేది పై ష్రౌడే. ఇన్‌కమింగ్ వైపు ష్రౌడ్ లేని యూనిట్‌ను మేము పూర్తయిన యూనిట్‌గా లెక్కించం. ఫేజు బారియరు రెండు లగ్గుల (కేబులు కొసకు తొడిగి టెర్మినల్‌కు బిగించే లోహపు ముక్కల) మధ్య గోడ. పెద్ద లగ్గులు, స్ప్రెడర్ లింకులు (టెర్మినల్‌ను పొడిగించే లోహపు పట్టీలు) వాడినప్పుడు ఇది మరీ అవసరం, ఎందుకంటే అప్పుడు ఎడం తగ్గిపోతుంది.

న్యూట్రల్‌కు ఫ్యూజు వెయ్యాలా?

ఎప్పటికీ వద్దు. న్యూట్రల్‌లో ఫ్యూజు పోయి ఫేజులు అలాగే ఉంటే, సింగిల్ ఫేజు లోడుల మధ్య న్యూట్రల్ గాల్లో తేలుతుంది. తక్కువ లోడున్న ఫేజులోని బల్బులు, ఫ్రిజ్, కంప్యూటరు 230కి బదులు 400 వోల్టుల దాకా చూస్తాయి. మూడు పోల్స్, గట్టి న్యూట్రల్ లింకుతో వచ్చేది టీపీఎన్. మామూలు ఫీడర్లకు అది సరిపోతుంది.

జనరేటరు మార్పిడి ఉన్నచోట మాత్రం నాలుగు పోల్స్ కావాలి. రెండు సప్లైల న్యూట్రల్స్ కలిసి ఉండకూడదు. నాలుగో పోల్‌లో ఫ్యూజు బదులు గట్టి లింకు వెయ్యాలి. ఆ పోల్ ముందుగా కలిసి చివరగా విడిపోయే రకమై ఉండాలి.

ఆక్సిలరీ కాంటాక్టులు (స్విచ్చుతోపాటు కదిలి సిగ్నల్ ఇచ్చే చిన్న కాంటాక్టులు), ఫ్యూజు మానిటరు ఎప్పుడు పెట్టాలి?

ప్యానెల్ దూరంగా ఉండి, ఆన్-ఆఫ్ సంగతి కంట్రోల్ రూముకు తెలియాలంటే ఒక ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండేది), ఒక ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండేది) చాలు. కాంటాక్టరున్న ఫీడరులో ముందుగా తెగే ఆక్సిలరీ కాంటాక్టు పెట్టండి. హ్యాండిల్ తిప్పగానే అది ముందు తెగి కాంటాక్టరును ఆపుతుంది, మెయిన్ కాంటాక్టులు లోడు లేకుండానే విడిపోతాయి. స్విచ్చు ఆయువు పెరుగుతుంది.

ఫ్యూజు పోయిన సంగతి చెప్పే ఏర్పాటు రెండు రకాలు. స్ట్రైకర్ ఫ్యూజులో పోగానే చిన్న మేకు బయటికి పొడుచుకొచ్చి మైక్రోస్విచ్చును నొక్కుతుంది. ఎలక్ట్రానిక్ మానిటరు ఫ్యూజు రెండు కొసల మధ్య వోల్టేజి చూస్తుంది. రెండింటి కాంటాక్టునూ స్టార్టరు కాయిలు సర్క్యూట్లో కలిపితే ఒక ఫ్యూజు పోయినా మోటారు మొత్తం ఆగుతుంది. పైన చెప్పిన సింగిల్ ఫేజింగ్‌కు ఇది చవకైన మందు.

టెర్మినల్ దగ్గర కాలిపోతోంది. మూడోసారి. కారణం?

నూటికి తొంభై పాళ్లు అల్యూమినియం కేబులు, వదులు బోల్టు. మన దగ్గర మిల్లు కేబుళ్లు ఎక్కువగా అల్యూమినియం ఆర్మర్డ్. అల్యూమినియానికి గాలి తగలగానే కరెంటు సరిగా పోనివ్వని పొర పట్టేస్తుంది. వేడెక్కితే రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, బోల్టు కింద మెత్తగా నలిగి జారుతుంది. ఏడాదికి జాయింటు వదులవుతుంది, వేడెక్కుతుంది, వేడికి ఇంకా వదులవుతుంది.

చెయ్యాల్సింది: తీగ కొసను వైరు బ్రష్‌తో గీకి, వెంటనే ఆక్సైడు అడ్డుకునే పేస్టు రాసి, సరైన డైతో లగ్గు క్రింప్ చెయ్యాలి. సుత్తితో కొట్టిన లగ్గు లగ్గు కాదు. రాగి టెర్మినల్ మీద బైమెటల్ లగ్గు లేదా బైమెటల్ వాషరు వాడాలి. బోల్టు టార్క్ రెంచితో బిగించాలి. తయారీదారు కాగితంలోని అంకె ప్రధానం. సాధారణంగా ఎం8కు 15–22, ఎం10కు 30–44, ఎం12కు 50–75 న్యూటన్‌మీటర్లుంటుంది. లోడు మీద నెల రోజులు నడిచాక సప్లై తీసి మరోసారి చూడండి.

ఇంకో కారణం తక్కువ మంది పట్టించుకుంటారు: బరువైన కేబుల్ టెర్మినల్ మీద వేలాడటం. గ్లాండు (కేబులు డబ్బాలోకి దూరే చోట దాన్ని పట్టే బిగింపు) దగ్గరే కేబులును బిగించి బరువును అక్కడే ఆపాలి. సింగిల్ కోర్ కేబుళ్లయితే గ్లాండు ప్లేటు అల్యూమినియంది వాడండి. ఇనుప ప్లేటులో ఎడ్డీ కరెంట్లు పుట్టి ప్లేటే కాలుతుంది.

మే నెలలో ఫ్యూజులు ఊరికే పోతున్నాయి. వోల్టేజి బాగానే ఉంది.

ఎండ. యూనిట్ రేటింగులు మామూలుగా బయట 35 డిగ్రీల సగటు వేడికి ఇస్తారు. గుంటూరు, నల్గొండ, ఖమ్మం ఎండల్లో రేకుల షెడ్డు కింద ప్యానెల్ లోపల 55 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు ఫ్యూజులే వేడి పుట్టిస్తాయి. 160 ఆంపియర్ల 00 సైజు ఫ్యూజు నిండు లోడులో ఒక్కోటి 12 వాట్ల దాకా వేడి వదులుతుంది, మూడూ కలిపి 36. ఒకే ప్యానెల్‌లో పది ఫీడర్లుంటే చిన్న హీటరు పెట్టినట్టే.

అలాంటి చోట లోడు స్విచ్చు రేటింగులో 80 శాతం మించకుండా పెట్టుకోండి. 125 కావాల్సిన చోట 160 ఫ్రేము తీసుకుని అందులో 125 ఫ్యూజు వెయ్యండి. ఫ్యూజు రేటింగు పెంచడం పరిష్కారం కాదు, అది కేబులును ప్రమాదంలో పడేస్తుంది.

ఊక దుమ్ము, ఉప్పు గాలి ఉన్నచోట ఏ డబ్బా?

మిర్యాలగూడ వైపు మిల్లుల్లో ఊక దుమ్ము సన్నగా అంతటా దూరుతుంది. ఐపీ54 (ఐపీ అంకె దుమ్ము, నీటి నుంచి డబ్బా ఇచ్చే రక్షణను చెబుతుంది) రేకు డబ్బా, రబ్బరు గాస్కెట్ చెక్కుచెదరకుండా ఉంటే చాలు. వాడని గ్లాండు రంధ్రం ఒక్కటి మూయకపోయినా ఐపీ54 ఐపీ-సున్నానే. భీమవరం వైపు చెరువు గట్ల మీద ఉప్పు తేమకు రేకు డబ్బా రెండేళ్లు నిలవదు. పాలికార్బొనేట్ ఐపీ65 డబ్బా, స్టెయిన్‌లెస్ స్క్రూలు, కేబులు కింది నుంచే వచ్చేలా. పై నుంచి వచ్చే కేబులు వెంట నీరు నడుచుకుంటూ లోపలికి వస్తుంది.

ఇనుప డబ్బాకు రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండాలి. తలుపుకు కూడా విడిగా ఎర్తు జడ కట్టండి, కబ్జా (మడతబందు) మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇదే యూనిట్‌ను సోలార్ డీసీ వైపు వాడొచ్చా?

వద్దు. ఏసీ ఆర్కు సెకనుకు వంద సార్లు సున్నాకు దిగి ఆరే అవకాశం ఇస్తుంది. డీసీ అలా దిగదు, ఆర్కు లాగుతూనే ఉంటుంది. డీసీ రేటింగు రాసిన స్విచ్చు, జీపీవీ (సోలార్ డీసీ కోసం చేసిన) రకం ఫ్యూజు విడిగా కొనండి.

కెపాసిటర్ ఫీడరుకు ఎంత?

25 కేవీఏఆర్, 415 వోల్టులకు కరెంటు 35 ఆంపియర్లు. హార్మోనిక్స్, వోల్టేజి పెరుగుదల కలిపి కెపాసిటరు ఇంతకు 1.3 రెట్లు ఎప్పుడూ మోసేలా తయారవుతుంది. పైగా ఆన్ చేసిన క్షణం పెద్ద కుదుపు. 63 ఆంపియర్ల ఫ్యూజు వెయ్యండి.

మెయింటెనెన్సు ఏం చెయ్యాలి?

ఆరు నెలలకోసారి సప్లై తీసి దుమ్ము వాక్యూమ్‌తో లాగండి, గాలితో ఊదితే దుమ్ము మెకానిజంలోకి వెళ్తుంది. వెండి పూత కాంటాక్టు నల్లబడిందని సాండ్‌పేపరు పెట్టొద్దు. పూత పోతుంది, కింద రాగి బయటపడి అసలు రోగం అప్పుడు మొదలవుతుంది. గుడ్డతో తుడవండి. క్లిప్పు పట్టు సడలిందో లేదో ఫ్యూజు దించేటప్పుడు చేతికే తెలుస్తుంది. సులభంగా జారిపోతే క్లిప్పు మార్చండి. ఏళ్ల తరబడి ఆన్‌లోనే ఉన్న స్విచ్చును సప్లై తీసిన రోజున నాలుగైదు సార్లు ఆన్-ఆఫ్ చెయ్యండి, కాంటాక్టులు ఒకదాన్నొకటి రాసుకుని శుభ్రమవుతాయి.

ఆర్డరు కాగితం మీద ఏమేం రాయాలి?

ఎన్ని పోల్స్, న్యూట్రల్ లింకా, నాలుగో పోలా. ఏసీ-23ఏలో ఎన్ని ఆంపియర్లు, 415 వోల్టుల దగ్గర. ఫ్యూజు డిన్‌ రకమా బీఎస్‌ రకమా, ఏ సైజు, ఏ రేటింగు, ఎన్ని. స్పేరు ఫ్యూజులు మూడు చొప్పున విడిగా. ఫ్యూజుకు రెండు వైపులా తెగే మోడల్ అని స్పష్టంగా. హ్యాండిల్ తలుపు మీదా, స్విచ్చు మీదా; తలుపు మీదైతే ప్యానెల్ లోతు ఎన్ని మి.మీ. పై, కింది ష్రౌడ్‌లు. ఆక్సిలరీ కాంటాక్టులు ఎన్ని. ఫ్యూజు పుల్లరు ఒకటి. దాన్ని ప్యానెల్ తలుపు లోపలి వైపు కొక్కేనికి తగిలించి ఉంచండి, స్టోర్‌రూములో తాళం వేసి ఉంచితే అర్ధరాత్రి కటింగ్ ప్లయరే చేతికొస్తుంది.